ఫైర్ ఇంజన్ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? తిరుపతిలో పర్మిట్ ఫీజులు, అగ్నిమాపక శాఖ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గత వేసవిలో ఒక రాత్రి మా అపార్ట్‌మెంట్ కింద, బండ్లు పెట్టుకునే చోట కరెంటు మీటర్ల బోర్డు అంటుకుంది. ఫోన్ చేసిన కొద్దిసేపటికే ఫైర్ ఇంజన్ వచ్చింది. కానీ మా సందు మొదట్లో అడ్డదిడ్డంగా పెట్టిన బండ్లు తీసేదాకా లోపలికి రాలేకపోయింది. ఈలోపు పొగ మెట్ల దారిలో మూడో అంతస్తు దాకా ఎక్కింది. ముసలివాళ్ళను, పిల్లలను తడిగుడ్డలు కట్టి కిందికి దించాం. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాతి అసోసియేషన్ మీటింగులో ఒక పెద్దాయన లేచి, "పర్మిషన్ కోసం బిల్డర్ మన దగ్గర లక్షలు వసూలు చేశాడు కదా, అందులో ఫైర్ డబ్బులు కూడా ఉంటాయి కదా, అవన్నీ ఎక్కడికి పోతున్నాయి?" అని అడిగారు. ఎవరమూ సమాధానం చెప్పలేకపోయాం. ఆ ప్రశ్న పట్టుకుని నేను తిరిగిన తిరుగుడు, చదివిన చదువు ఇక్కడ ప్రశ్నలు, జవాబులుగా రాస్తున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్ళకు, షాపు పెట్టుకునేవాళ్ళకు, అపార్ట్‌మెంట్ సంఘాలు నడిపేవాళ్ళకు పనికొస్తుందని నా నమ్మకం.

కార్పొరేషన్‌కు కట్టే బిల్డింగ్ పర్మిట్ ఫీజులో ఫైర్ స్టేషన్‌కు ఎంత వాటా వెళ్తుంది?

వాటా అంటూ ఏమీ లేదు. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు, నాకూ మొదట కాలేదు. మన రాష్ట్రంలో ఫైర్ స్టేషన్ కార్పొరేషన్‌ది కాదు. అది రాష్ట్ర ప్రభుత్వ శాఖ, హోం శాఖ కింద పనిచేస్తుంది. దాని పూర్తి పేరు రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన, అగ్నిమాపక సేవల శాఖ. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ నుంచి ఫైర్‌మన్ దాకా అందరి జీతాలు, బండ్ల డీజిల్, గొట్టాలు, నిచ్చెనలు అన్నీ రాష్ట్ర బడ్జెట్ నుంచి వస్తాయి. మీరు కార్పొరేషన్‌లో కట్టే డబ్బు కార్పొరేషన్ ఖాతాలోకి పోతుంది. రెండూ వేర్వేరు జేబులు.

కార్పొరేషన్ చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి, అవి చిన్నవేమీ కాదు. బండి తిరిగేంత రోడ్డు ఉండాలి. నీళ్ళు నింపుకునే చోటు ఉండాలి. మామూలు ఫైర్ ఇంజన్‌లో సుమారు 4,500 లీటర్ల నీళ్ళు పడతాయి. రెండు గొట్టాలు గట్టిగా పనిచేస్తే అవి పది నిమిషాలు కూడా రావు. తర్వాత నీళ్ళు ఎక్కడ నింపుకోవాలన్నది ఫైర్‌మన్ చేతుల్లో లేదు, ఊరి నీటి సరఫరా చేతుల్లో ఉంది.

ఫైర్ సర్వీసులు మున్సిపాలిటీల బాధ్యత అని రాజ్యాంగంలోనే ఉందంటారు. నిజమా?

నిజమే. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణ రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూల్ చేర్చింది. అందులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. ఏడోది ఫైర్ సర్వీసులు. "అప్పగించదగిన" అన్న మాట గమనించండి. అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టం. ముంబైలో అగ్నిమాపక దళం నగరపాలక సంస్థదే. ఢిల్లీలో ఒకప్పుడు కార్పొరేషన్ కింద ఉండేది, 1994లో ఢిల్లీ ప్రభుత్వం తీసుకుంది. మన దగ్గర మాత్రం 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం అది రాష్ట్ర శాఖగానే నడుస్తోంది.

తిరుపతికి మున్సిపాలిటీ 1886లోనే వచ్చింది, 2007లో కార్పొరేషన్ అయింది. ఇంత పాత పట్టణ పాలనకు తన ఊరి ఫైర్ స్టేషన్ మీద అధికారమూ లేదు, ఖర్చు బాధ్యతా లేదు. నేను దీన్ని తప్పుపట్టడం లేదు. రాష్ట్ర శాఖ కాబట్టే పెద్ద ప్రమాదం జరిగినప్పుడు రేణిగుంట నుంచో పుత్తూరు నుంచో బండ్లు వచ్చి పడతాయి, మీ ఊరు మా ఊరు అనే పేచీ ఉండదు. కానీ ఊళ్ళో కార్పొరేటర్‌ను పట్టుకుని "మా వార్డుకు బండి ఎందుకు ఆలస్యమైంది" అని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు. ఆ లోటు మాత్రం ఉంది.

ప్లాన్ అప్రూవల్ అప్పుడు కట్టే ఫీజులన్నీ ఎవరికి పోతాయి?

రసీదు మీద ఒకే మొత్తంలా కనిపిస్తుంది కానీ లోపల చాలా ఉంటాయి. పర్మిట్ ఫీజు, బెటర్‌మెంట్ చార్జీలు, డెవలప్‌మెంట్ చార్జీలు స్థానిక సంస్థకు, పట్టణాభివృద్ధి సంస్థకు చెందుతాయి. ఎత్తైన భవనాలైతే సిటీ లెవల్ ఇంపాక్ట్ ఫీజు అదనం. ఇవి కాక నిర్మాణ ఖర్చులో ఒక శాతం భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు. ఇది 1996 నాటి కేంద్ర చట్టంతో మొదలైంది, కార్మికుల బోర్డుకు చేరుతుంది.

ఫైర్ ఎన్‌ఓసీకి, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రానికి, కట్టే రుసుము వీటన్నిటికీ వేరు. అది బిల్టప్ ఏరియాను బట్టి లెక్క కడతారు, అగ్నిమాపక శాఖ పేరుతో కడతాం. అలాగని మన ఊరి స్టేషన్ ఆ డబ్బు తీసుకుని కొత్త గొట్టాలు కొనుక్కుంటుందని అనుకోవద్దు. అది రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. మళ్ళీ బడ్జెట్‌లో ఏ శాఖకు ఎంత అని శాసనసభ ఆమోదిస్తేనే బయటికి వస్తుంది. తిరుపతిలో కట్టిన రూపాయి తిరుపతికే తిరిగి రావాలన్న నియమం అందులో లేదు.

మా పెద్దాయన ప్రశ్నకు జవాబు వెతుకుతూ మా బిల్డింగు కాగితాలన్నీ తీశాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఫైర్ పేరుతో మేము ఒక్క రూపాయి కూడా కట్టలేదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ఫైర్ ఎన్‌ఓసీ ఎవరెవరు తీసుకోవాలి?

స్థూలంగా చెప్పాలంటే, 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న నివాస భవనాలు. 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాణిజ్య భవనాలు. జనం గుమిగూడే చోట్లు, అంటే స్కూళ్ళు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, ప్రార్థనా స్థలాలు 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, 6 మీటర్ల ఎత్తు దాటినా తీసుకోవాలి. కట్టకముందు ఒకటి, కట్టాక స్వాధీనానికి ముందు ఇంకొకటి. ఆ తర్వాత గడువు తీరేలోపు రెన్యూవల్.

ఇప్పుడు మన ఊరి అపార్ట్‌మెంట్లు గుర్తు తెచ్చుకోండి. కరకంబాడి రోడ్డు చూసినా, తిరుచానూరు రోడ్డు చూసినా ఎక్కువ భాగం స్టిల్ట్ ప్లస్ ఐదు. కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు, ఎత్తు సరిగ్గా 18 మీటర్ల లోపు. ఆ గీత దాటితే చుట్టూ 7 మీటర్ల ఖాళీ వదలాలి, ఎన్‌ఓసీ తేవాలి, నీళ్ళ ట్యాంకు, పంపు, గొట్టాలు పెట్టాలి. ఖర్చు పెరుగుతుంది కాబట్టి బిల్డర్లు గీత కిందే ఆగిపోతారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. మాదీ అలాంటి బిల్డింగే. అందుకే మా దగ్గర ఫైర్ ఎన్‌ఓసీ లేదు, ఫీజు కట్టిన రసీదు లేదు. మెట్ల దగ్గర రెండు ఎర్ర సిలిండర్లు ఉన్నాయి, వాటిలో ఒకటి గడువు దాటింది.

దీన్నిబట్టి ఫైర్ ఫీజులు ఎంతమంది దగ్గర వసూలవుతాయో ఊహించవచ్చు. ఊరి ఇళ్ళలో చాలా భాగం ఆ లెక్కలోకే రావు. అగ్నిమాపక శాఖను ఈ ఫీజుల మీద ఆధారపడి నడపమంటే, కొద్దిమంది కట్టిన డబ్బుతో అందరి ఇళ్ళూ కాపాడమన్నట్టే.

మా ఇంట్లో మంటలు లేస్తే ఫైర్ ఇంజన్‌కు డబ్బులు కట్టాలా?

అక్కర్లేదు. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. డబ్బు సంగతి ఆలోచిస్తూ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయవద్దు. సభలకు, ఉత్సవాలకు ముందుజాగ్రత్తగా బండిని దగ్గర పెట్టించుకుంటే, సెల్లార్‌లో నిండిన నీళ్ళు తోడించుకుంటే అలాంటి ప్రత్యేక సేవలకు చార్జీలు ఉంటాయి.

ఫీజు, పన్ను రెండూ మన జేబులోంచి పోయేవే కదా, తేడా ఏముంది?

ఈ చర్చలో తేడా అంతా అక్కడే ఉంది. పన్ను కట్టినవాడికి బదులుగా ఫలానాది ఇవ్వాలన్న నియమం లేదు, అది ఊరందరి ఖర్చులకు. ఫీజు అలా కాదు, కట్టినవాడికి ఏదో ఒక సేవ అందాలి. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో హిందూ మత సంస్థల దగ్గర ప్రభుత్వం వసూలు చేసిన చందా ఫీజు కాదు, పన్నే అని తేల్చింది. వసూలు చేసిన డబ్బును ఆ సేవకే కేటాయించకుండా ప్రభుత్వ నిధిలో కలిపేయడం అందుకు ఒక కారణం.

తర్వాత కోర్టులు కొంత సడలించాయి. 1983లో మన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ ఫీజుల కేసులోనే, పైసా పైసా లెక్క సరిపోవాల్సిన పనిలేదు, ఫీజుకూ సేవకూ స్థూలమైన సంబంధం ఉంటే చాలు అన్నారు.

దీన్ని మన విషయానికి అన్వయించుకుందాం. ప్లాన్ పరిశీలించడం, సైట్‌కు వచ్చి మెట్లు, పంపులు తనిఖీ చేయడం, ఏటా మళ్ళీ చూడటం, ఇవన్నీ ఒక భవన యజమానికి చేసే సేవలు. వాటికి ఫీజు తీసుకోవడం న్యాయం. అర్ధరాత్రి రెండు గంటలకు ఎవరి ఇల్లు కాలినా వెళ్ళడానికి మనుషులు, బండి సిద్ధంగా ఉండటం మాత్రం ఊరందరి కోసం. దానికి పన్ను డబ్బు పెట్టాలి. ఈ రెండూ కలిపేస్తేనే గందరగోళం మొదలవుతుంది.

కార్పొరేషన్ పర్మిట్ ఫీజు కొంచెం పెంచి, ఆ పెంచినది ఫైర్ స్టేషన్లకు ఇస్తే సరిపోదా?

మొదట నాకూ ఇదే తోచింది. కొత్తగా కట్టేవాడి దగ్గర డబ్బు ఉంటుంది, కోటి రూపాయల ఇంటికి ఇంకో పది వేలు పెద్ద భారం కాదు. కానీ లోతుకు వెళ్ళిన కొద్దీ మూడు చిక్కులు కనిపించాయి.

పర్మిట్ ఫీజు ఒక్కసారి వస్తుంది, ఫైర్ స్టేషన్ ఖర్చు ప్రతి నెలా ఉంటుంది. రియల్ ఎస్టేట్ జోరుగా ఉన్న ఏడాది డబ్బు వరదలా వస్తుంది, పడిపోయిన ఏడాది ఎండిపోతుంది. కరోనా సమయంలో నిర్మాణాలు ఎలా ఆగిపోయాయో చూశాం. ఆ నెలల్లో ప్లాన్లు రాలేదు కదా అని ఫైర్‌మన్‌కు సగం జీతం ఇవ్వగలమా? మంటలకు రియల్ ఎస్టేట్ జోరుతో సంబంధం లేదు.

రెండోది నన్ను బాగా బాధపెట్టే విషయం. ఫీజు వచ్చే చోటు వేరు, ప్రమాదం ఉన్న చోటు వేరు. కొత్త ప్లాన్లు ఊరి అంచుల్లో వస్తాయి, విశాలమైన లేఅవుట్లలో, రేణిగుంట రోడ్డు వైపు, చంద్రగిరి వైపు. ఫైర్ ఇంజన్ వెళ్ళలేని సందులు గోవిందరాజస్వామి గుడి చుట్టూ, గాంధీ రోడ్డు వెనక, పాత బజారులో ఉన్నాయి. అక్కడ కొత్త పర్మిట్లు తక్కువ. 2023 జూన్‌లో గుడి రథం దగ్గర ఫొటో ఫ్రేముల షాపు తగలబడినప్పుడు ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. 2022 సెప్టెంబరులో చిత్తూరు రంగాచారి వీధిలో పేపర్ ప్లేట్లు తయారుచేసే యూనిట్‌లో మంటలు లేచి ముగ్గురు చనిపోయారు. అదే నెలలో రేణిగుంటలో కింద ఆసుపత్రి, పైన నివాసం ఉన్న భవనం అంటుకుని ఒక డాక్టరు, ఇద్దరు పిల్లలు పోయారు. ఇవేవీ ఆకాశాన్నంటే టవర్లు కావు. ఇళ్ళూ వ్యాపారాలూ కలిసిపోయిన మామూలు బిల్డింగులు. కొత్త పర్మిట్ల డబ్బు ఎక్కడ వస్తే అక్కడే ఖర్చు పెడతామంటే ఇలాంటి వీధులకు ఏమీ మిగలదు.

మూడోది ఉద్దేశాలకు సంబంధించింది. ఒక శాఖ ఆదాయం ఇచ్చే అనుమతుల సంఖ్య మీద ఆధారపడితే, కాదు అనడం కష్టమవుతుంది. అధికారులు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు, ఏర్పాటే అలా నెడుతుంది. తనిఖీ చేసేవాడి మనసులో ఈ ఫైలు ఆగితే ఆదాయం ఆగుతుంది అన్న ఆలోచనే ఉండకూడదు. ఆ ఆలోచన మనం డబ్బు రూపంలో పెట్టకూడదు.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఫీజుతో తనిఖీలు నడపవచ్చు, కొత్త భవనాల ఎత్తు వల్ల అవసరమైన పొడవాటి నిచ్చెన బండ్లు కొనవచ్చు, హైడ్రంట్లు, అంటే ఫైర్ ఇంజన్ నీళ్ళు పట్టుకునే వీధి కుళాయిలు, వేయవచ్చు. జీతాలు, డీజిల్, రాత్రి డ్యూటీలు మాత్రం నిలకడగా వచ్చే డబ్బు మీదే నడవాలి.

ఇంటి పన్నులో ఫైర్ సెస్సు కలిపితే?

నిలకడ విషయంలో ఇది మెరుగైన మార్గమే. 2019లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా బిల్లులో కూడా ఫైర్ పన్ను, ఫీజుల ప్రస్తావన ఉంది. పాత బజారు, కొత్త లేఅవుటు తేడా లేకుండా అందరూ కొద్దికొద్దిగా కడతారు. అయితే కార్పొరేషన్ తీర్మానం చేసుకుని వేసేయడానికి వీల్లేదు. చట్టం లేకుండా ఏ పన్నూ వసూలు చేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. శాసనసభే దారి తెరవాలి.

దీనికంటే పెద్ద విషయం మన కళ్ళముందే ఉంది. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్ను రూపాయికి 8 పైసలు. మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. బకాయిలు రాక గ్రంథాలయాలు పేపరు బిల్లులకు ఇబ్బంది పడుతున్నాయన్న వార్తలు మనం ఏళ్ళ తరబడి చదువుతూనే ఉన్నాం. కార్మిక సెస్సు సంగతీ అంతే. దేశవ్యాప్తంగా వేల కోట్లు వసూలై కార్మికులకు చేరకుండా ఉండిపోయాయని 2018లో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది.

కాబట్టి ఫైర్ సెస్సు అని ఎవరైనా అంటే నేను వద్దనను. కానీ వసూలైన రోజే ఆ డబ్బు వేరే పద్దులోకి పోవాలి, ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు అని ప్రతి మూడు నెలలకూ వార్డు సచివాలయం బోర్డు మీద రాయాలి. ఈ రెండూ చట్టంలోనే ఉండాలని అడుగుతాను.

అమెరికాలో ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఊరే నడుపుకుంటుందట. మా అబ్బాయి చెప్పాడు. వాళ్ళు పర్మిట్ ఫీజులతోనే నడుపుతారా?

తిరుపతిలో ఇంటికొకరు అక్కడ ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. అక్కడ చాలా ఊళ్ళలో దళం ఊరిదే అన్నది నిజం. అయితే ప్రధానమైన డబ్బు ఆస్తి పన్ను నుంచి వస్తుంది. చిన్న ఊళ్ళలో జీతం లేని వాలంటీర్లే మంటలార్పుతారు, దేశం మొత్తం మీద చూస్తే వాళ్ళే ఎక్కువ. పర్మిట్ ఫీజులు ప్లాన్ పరిశీలనకు, తనిఖీలకు సరిపోయేలా పెట్టుకుంటారు. కాలిఫోర్నియాలో అయితే ఫీజు ఆ పనికి అయ్యే సహేతుకమైన ఖర్చును మించకూడదు. కొత్త నిర్మాణాల మీద వేసే ఇంపాక్ట్ ఫీజుతో స్టేషన్ కట్టవచ్చు, బండి కొనవచ్చు, జీతాలు ఇవ్వడానికి లేదు. నేను పైన చెప్పిన విభజనే అది.

ఫీజు మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో చెప్పే సంఘటన కూడా అక్కడిదే. టెనెసీ రాష్ట్రంలోని ఓబియన్ కౌంటీలో, సౌత్ ఫుల్టన్ అనే ఊరి దళం చుట్టుపక్కల పల్లెలకు ఏడాదికి 75 డాలర్ల ఫీజు మీద సేవ చేసేది. 2010లో ఫీజు కట్టని ఒకాయన ఇల్లు అంటుకుంది. బండి వచ్చింది. ఫీజు కట్టిన పక్కవాళ్ళ పొలానికి మంట పాకకుండా ఆపింది. ఆయన ఇల్లు మాత్రం కళ్ళముందే కాలిపోయింది. అప్పటికప్పుడు ఎంతైనా కడతానన్నా వినలేదు. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మన దగ్గర 101కి ఫోన్ చేస్తే రసీదు అడగరు. డబ్బు ఎలా సమకూర్చుకున్నా ఆ ఒక్కటి మాత్రం పోగొట్టుకోకూడదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి ఎక్కువ భాగం రాబట్టేది, అంటే బీమా చేసుకున్నవాళ్ళే అందరి తరఫునా మోసేవాళ్ళు. పక్కనున్న విక్టోరియా 2013లో ఆ పద్ధతి మానేసి ఆస్తుల మీద అందరికీ వర్తించే లెవీకి మారింది.

తిరుపతికి ఎన్ని ఫైర్ ఇంజన్లు కావాలి అన్నది దేన్నిబట్టి నిర్ణయిస్తారు?

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకంగా అన్యాయం జరుగుతుంది. దేశంలో పాతకాలం నుంచి ఉన్న కొలత జనాభా. మూడు లక్షల వరకు ప్రతి 50,000 మందికి ఒక పంపు బండి అని స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కమిటీ సూచించింది. 2011 లెక్కల్లో తిరుపతి నగర జనాభా సుమారు 2 లక్షల 87 వేలు. ఆ లెక్కన ఆరు బండ్లు. కానీ కొండకు వెళ్ళే వేలాది యాత్రికులు రోజూ ఈ ఊళ్ళోనే దిగుతారు. లాడ్జీల్లో, సత్రాల్లో, బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల నిద్రపోతారు. వాళ్ళు ఏ జనాభా లెక్కలోనూ ఉండరు. తెలియని ఊళ్ళో, తెలియని బిల్డింగులో, మెట్లు ఎటున్నాయో చూసుకోకుండా అలసిపోయి పడుకునే మనుషులు. ప్రమాదం జరిగితే అందరికంటే ముందు చిక్కుకునేది వాళ్ళే.

విజయవాడలో 2020 ఆగస్టులో హోటల్‌లో నడిపిన కోవిడ్ కేంద్రంలో మంటలు లేచి పదిమంది పోయారు. నిద్రలో ఉన్నవాళ్ళకు పొగ ఎంత ప్రమాదమో అప్పుడు అందరికీ అర్థమైంది. ఫీజులు పెంచాలని ఎవరైనా అంటే నేను లాడ్జీల ట్రేడ్ లైసెన్సు రెన్యూవల్ దగ్గర మొదలుపెట్టమంటాను. అది ఏటా వచ్చే డబ్బు, ప్రమాదం ఉన్న చోటు నుంచే వచ్చే డబ్బు, పైగా ఏడాదికోసారి లోపలికి వెళ్ళి చూసే అవకాశం.

దీపావళి టపాసుల షాపుల లైసెన్సు ఫీజు?

తాత్కాలిక లైసెన్సు కేంద్ర పేలుడు పదార్థాల నియమాల ప్రకారం జిల్లా అధికారులు ఇస్తారు, ఫైర్ శాఖ అభిప్రాయం తీసుకుంటారు. షాపుకూ షాపుకూ మధ్య కనీసం 3 మీటర్లు, ఇళ్ళు, బడుల లాంటి రక్షిత కట్టడాలకు 50 మీటర్ల దూరం, షాపులు ఎదురెదురుగా ఉండకూడదు, ఒకచోట 50కి మించకూడదు. గ్రౌండ్‌లో టపాసులు కొనడానికి వెళ్ళినప్పుడు పిల్లల చేత ఆ 3 మీటర్లు కొలిపించండి. ఫీజు కట్టారా లేదా అన్నదానికంటే అది ముఖ్యం.

అనుమతి లేని బిల్డింగులు బీపీఎస్‌లో డబ్బు కట్టి రెగ్యులరైజ్ చేసుకుంటే ఫైర్ సమస్య తీరినట్టేనా?

తీరదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో, తర్వాత నవ్యాంధ్రలో 2015లో బిల్డింగ్ పీనలైజేషన్ స్కీములు వచ్చాయి. డబ్బు కడితే కాగితం మారుతుంది. పక్కింటి గోడకూ మన గోడకూ మధ్య వదలని నాలుగు అడుగులు మాత్రం వెనక్కి రావు. ఫైర్‌మన్ భుజాన గొట్టం వేసుకుని దూరాల్సింది ఆ నాలుగు అడుగుల్లోనే. అలాంటి స్కీముల ఆదాయంలో కొంత భాగం ఆ ప్రాంతంలోనే హైడ్రంట్లకు, సందుల్లోకి దూరి నీటిని సన్నటి తుంపరగా చిమ్మే చిన్న మిస్ట్ బండ్లకు పెట్టాలని అడగడం న్యాయమైన కోరిక.

కేంద్రం ఏమైనా ఇస్తుందా?

ఇస్తోంది. 15వ ఆర్థిక సంఘం సిఫారసు మీద రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకు 5,000 కోట్ల పథకం 2023 జూలైలో మొదలైంది. అందులో 500 కోట్లు చట్టాలు, వసతుల్లో సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకం. మనలాంటి రాష్ట్రాలు తమ వాటాగా 25 శాతం పెట్టుకోవాలి. ఇది స్టేషన్లకు, బండ్లకు, శిక్షణకు. నెల జీతాలకు కాదు.

చిత్తూరులో ఏమైనా వేరేగా ఉంటుందా?

లేదు. అదే చట్టం, అదే శాఖ. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక జిల్లా అధికారులు వేరయ్యారు, అంతే.

ఒక మామూలు మనిషిగా నేనేం అడగవచ్చు?

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఫైర్ గురించి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. నేను కార్పొరేషన్‌కు రాసినవి ఇవి: గత మూడేళ్ళలో ఇంపాక్ట్ ఫీజు కింద ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు, నగరంలో పనిచేస్తున్న హైడ్రంట్లు ఏ వీధుల్లో ఉన్నాయి, మా వార్డులో 6 మీటర్ల కంటే తక్కువ వెడల్పున్న రోడ్లు ఏవి. అగ్నిమాపక శాఖకు రాసినవి: మా జిల్లా నుంచి ఎన్‌ఓసీ రుసుముల కింద ఏటా ఎంత జమ అయింది, ఎన్ని భవనాలు రెన్యూవల్ చేసుకోలేదు, మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయి. జవాబులు వచ్చాక వాటిని వార్డు సభలో పైకి చదవండి. కార్పొరేటరు, సచివాలయం ప్లానింగ్ కార్యదర్శి ఎదురుగా ఉన్నప్పుడు చదవండి.

ఫైర్ స్టేషన్‌కు వెళ్ళి మాట్లాడటానికీ సంకోచించవద్దు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ముంబై రేవులో ఓడ పేలినప్పుడు చనిపోయిన ఫైర్‌మన్ల జ్ఞాపకంగా. ఆ వారంలో పిలిస్తే అపార్ట్‌మెంట్‌కు వచ్చి సిలిండర్ ఎలా వాడాలో చేసి చూపిస్తారు. మా దగ్గరికి వచ్చిన లీడింగ్ ఫైర్‌మన్‌ను టీ తాగుతుండగా అడిగాను, "సార్, మీకు ముందుగా ఏం కావాలి, కొత్త బండా?" అని. ఆయన మా సందు వైపు చూపించి, "ఈ బండ్లు తీయించండి చాలు సార్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు.

ఆ మరుసటి ఆదివారమే సందు మొదట్లో పసుపు రంగు గీత వేయించాం. గీత లోపల ఎవరూ బండి పెట్టకూడదని తీర్మానం రాసి అందరి సంతకాలూ తీసుకున్నాం. గడువు దాటిన సిలిండరు మార్చాం. సమాచార హక్కు జవాబుల్లో కార్పొరేషన్‌ది వచ్చింది, రెండోదాని కోసం చూస్తున్నాం.